నికానోర్ అడుగు

హవానాలో చాచాచా అనే ఆట ఎవరి కాళ్ళల్లో పుట్టిందని అడిగి చూడండి, పేటకో పేరు చెబుతారు. రేడియోలో ఒకటంటారు, వాద్యగాళ్ళు ఇంకొకటంటారు, ఎవరూ తగ్గరు. మా హెసూస్ మరియా పేటవాళ్ళయితే తడుముకోకుండా నికానోర్ పేరు చెబుతారు. పేట మొత్తమ్మీద ఒక్కడు మాత్రం ఆ పేరు పలకడు. ఎవరైనా ఆ మాట ఎత్తితే చాలు, నోట్లో నాలుగు మేకులు ఎక్కువ పెట్టుకుని బూటు మీదికి వంగిపోతాడు. నోట్లో మేకులున్న మనిషిని ఎవరూ జవాబు అడగరు కదా. అతని పేరు అనిసేతో ఫుండోరా. పేటలో ఆడే ప్రతి కాలికీ బూటు కుట్టింది అతనే, ఆ నికానోర్ కాలితో సహా.

మూడు తరాలుగా వాళ్ళది తోలుపనే. తాత మతాన్సాస్‌లో ఉండేవాడు, కొంత్రదాన్స ఆడేవాళ్ళకి బూట్లు కుట్టేవాడు. అప్పట్లో ఆడవాళ్ళంతా ఒక వరస, మగవాళ్ళంతా ఒక వరస ఎదురెదురుగా నిలబడి, వేళ్ళ కొనలు తగిలీ తగలకుండా పట్టుకుని, హాలంతా కలయతిరిగేవాళ్ళు. నడక ఎక్కువ కాబట్టి సోలు మందంగా వేసేవాడు. ఆ తాత కళ్ళముందే దన్సోన్ వచ్చింది. వరసలు పోయి జంటలు మిగిలాయి. మగవాడి చెయ్యి ఆడదాని నడుము మీదికొచ్చింది. ఇద్దరూ కలిసి ఒక్క గచ్చు పలక దాటకుండా ఆడితే గొప్ప. లోకం పాడైపోయిందని పెద్దవాళ్ళు గుండెలు బాదుకుంటుంటే తాత మాత్రం కిక్కురుమనకుండా సోలు పలచన చేశాడు. హవానా వచ్చాక తండ్రి ఇంకా పలచన చేశాడు. గాజుపెంకుతో గీకి, మైనం పట్టించి, వేడి ఇనుముతో రుద్ది, అద్దంలా మెరిసేదాకా వదిలేవాడు కాదు. నేల మీద పెడితే కాలు దానంతటదే జారాలి, చప్పుడు మాత్రం వినపడకూడదు.

అనిసేతోకి ఆరేళ్ళప్పుడు జ్వరమొచ్చి ఎడమకాలు సన్నబడింది, పొట్టిదైంది. కుడికాలు వేసి, ఎడమకాలు ఈడ్చి, చేతికర్ర ఆనించి నడిచేవాడు. కాబట్టి ఆడటం చూసిందే గానీ ఎన్నడూ ఆడింది లేదు. ఒబ్దూలియా అయితే పేటలోకెల్లా చక్కగా ఆడేది. హీలు ఊడిపోయిన బూటు చేత్తో పట్టుకుని, ఒంటికాలి మీద గెంతుతూ అతని కొట్లోకి వచ్చింది. హీలు బిగించేలోపు అతను మనసు పారేసుకున్నాడు. ఆమె కూడా ఆ తర్వాత ప్రతి వారం ఏదో ఒక బూటు పాడుచేసుకునే వచ్చేది. పెళ్ళినాడు, సంఘం హాల్లో పదిమంది ముందు, రమ్ము కాస్త తలకెక్కి అతనొక పెద్ద మాట అనేశాడు.

"ఒబ్దూలియా, నా కాలు కుంటిదని నీ కాళ్ళు కట్టేసుకోకు. ఆదివారం ఆదివారం నీ కాళ్ళు నీవి. ఎవరితో ఆడాలనిపిస్తే వాళ్ళతో ఆడుకో. నేను కూర్చుని చూస్తా!"

హాలంతా చప్పట్లు కొట్టింది. తలుపు దగ్గర టిక్కెట్లు చింపే రెమెడియోస్ పెద్దమ్మ కళ్ళు తుడుచుకుంది. ఆ చప్పట్లకి అనిసేతో తర్వాత్తర్వాత నాలుగేళ్ళు ఏడ్చాడు. మాట ఇచ్చినవాడు వెనక్కి ఎలా తీసుకుంటాడు? అదీ అంతమంది ముందు ఇచ్చిన మాట.

మొదటి పదేళ్ళూ ఫరవాలేదు. ఒకవారం ఒకరితో, ఇంకోవారం ఇంకొకరితో ఆడేది. నికానోర్ వచ్చాక వేరే జత లేకుండా పోయింది. నికానోర్‌ది కస్టమ్స్ ఆఫీసులో కాగితాల మీద సీలు వేసే ఉద్యోగం. పెళ్ళికాలేదు. ముగ్గురు అక్కలు గంజి పెట్టి ఇస్త్రీ చేసిన తెల్లటి డ్రిల్లు సూటులో, ఈనెంత మీసంతో, ఆదివారం మూడింటికి ఠంచనుగా ఫరోల్ సంఘం హాల్లో దిగేవాడు. ఆడుతుంటే కాలి చప్పుడన్నది వినపడేది కాదు. "నికానోర్ ఆడుతుంటే గచ్చుకి కూడా తెలీదు" అని జనం మెచ్చుకుంటుంటే, ఆ చప్పుడు లేకుండా చేసింది తన గాజుపెంకూ తన మైనమూ అని ఒక్కరికీ తట్టదేమని అనిసేతో పళ్ళు నూరుకునేవాడు.

నడుము మీద చేయి చూసి అతను కుళ్ళుకున్నాడని మీరనుకుంటే పొరపాటే. ఆట ఆటే, ఆ మాత్రం అతనికి తెలుసు. అతన్ని కాల్చుకుతిన్నది ఆట కాదు, ఆటలో వచ్చే ఆగుడు. దన్సోన్ తెలిసినవాళ్ళెవరూ పాట మొదలవగానే కాలు కదపరు. జంటగా హాల్లోకి వచ్చి, మొదటి భాగం అయ్యేదాకా ఊరికే పక్కపక్కన నిలబడతారు. ఆ భాగం పాట మధ్యలో మళ్ళీ మళ్ళీ వస్తుంది, వచ్చినప్పుడల్లా చేతులు వదిలి నిలబడాల్సిందే. ఆడవాళ్ళు విసనకర్ర విప్పుతారు, మగవాళ్ళు చెమట తుడుచుకుంటారు, నాలుగు కబుర్లు చెప్పుకుంటారు. ఆగకుండా ఆడేవాణ్ణి బొత్తిగా ఏమీ తెలియనివాడని నవ్వుతారు.

ఆ నాలుగు కబుర్లు ఏమిటన్నదే అనిసేతో ప్రాణం మీదికొచ్చింది. గోడవార కుర్చీలో, కర్ర మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చునేవాడు. నికానోర్ వంగి ఆమె చెవి దగ్గర ఏదో అంటాడు. ఒబ్దూలియా విసనకర్ర నోటికి అడ్డం పెట్టుకుంటుంది. భుజాలు కొద్దిగా ఎగురుతాయి. నవ్వుతోంది! ఇంట్లో తన మాటలకి అలా నోరు మూసుకుని నవ్వి ఎన్నాళ్ళయింది? వాడేమన్నాడు? ఒక పాటకి ఎన్నిసార్లు నోటికి విసనకర్ర అడ్డం పెట్టిందో లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఒకవారం నాలుగు, మరుసటివారం ఆరు. ఆరు వచ్చిన వారం అన్నం సయించలేదు.

"ఏవయ్యా, చిక్కుడుగింజలు ఉడకలేదా? అలా కెలుకుతున్నావేంటి?" అంది ఒబ్దూలియా.

"బాగానే ఉన్నాయి."

"మరి తినవేం?"

"నీకు ఆకలెలా వేస్తుంది, అంత నవ్వాక?"

"నవ్వానా? ఎప్పుడు?" అంది ఆమె, నిజంగానే ఆశ్చర్యపోయి. ఆ ఆశ్చర్యం అతనికి నటనలా కనిపించింది. ఒళ్ళు కుతకుతలాడుతున్న మనిషికి ఎదుటివాళ్ళ నిజం ఎన్నడూ నిజంలా కనిపించదు.

పంతొమ్మిదొందల యాభై ఒకటో సంవత్సరం మే నెలలో నికానోర్ బూట్లు సోలు మార్చడానికి వచ్చాయి. తెలుపూ నలుపూ కలిసిన బూట్లు, వాటిని చూస్తేనే అనిసేతోకి కడుపు మండేది.

"నా ప్రాణం నీ చేతుల్లో పెడుతున్నా అనిసేతో!" అన్నాడు నికానోర్. "ఈ ఆదివారం కొత్త ఫ్లూటు మనిషి వస్తున్నాడట. పేట పరువు నా కాళ్ళ మీదుంది. గాలిలో తేలిపోవాలి, తెలిసిందా?"

"తేలిపోతావులే."

"నీలాంటి పనివాడు హవానాలో లేడు. ఒబ్దూలియా కూడా అదే అంటుంది."

ఆ ఆఖరి మాట అనకుండా ఉంటే ఏమయ్యేదో గానీ, అన్నాడు. నువ్వెవడివిరా మా ఆవిడ నా గురించి ఏమంటుందో నాకు చెప్పడానికి? అనిసేతో ఆ మధ్యాహ్నమే కొత్త సోలు బిగించాడు. గాజుపెంకు పక్కన పడేశాడు. మైనం జోలికి పోలేదు. ఆకురాయితో సోలంతా గరగరలాడేట్టు అడ్డదిడ్డంగా రాశాడు. దారానికి పట్టించే గుగ్గిలం డబ్బా మూత తీసి, గుప్పెడు పొడి ఆ గరుకులోకి అద్ది, చేత్తో రుద్దాడు. పైన చూస్తే మామూలు కొత్త సోలే. గచ్చు మీద నాలుగు నిమిషాలు వేడెక్కితే పట్టుకుంటుంది, జారమంటే జారదు. వాడు అంతమందిలో బోర్లా పడాలి. విసనకర్ర వెనక ఆమె నిజంగా నవ్వాలి, కానీ వాణ్ణి చూసి నవ్వాలి. అంతే, అతను కోరుకున్నది.

ఆదివారం హాలు కిటకిటలాడింది. దన్సోన్ మొదటి భాగానికి నికానోర్ నిలబడి కబుర్లు చెప్పాడు, రెండో భాగం నెమ్మదైనది కాబట్టి ఎలాగో నెగ్గుకొచ్చాడు. ఆఖర్న ఊపందుకునే భాగం వచ్చింది. నికానోర్ ఎడమకాలు జార్చబోయాడు. కాలు కదల్లేదు. బలంగా లాగాడు. "చర్ర్" మని ఫిడేళ్ళను మించి వినపడింది. నికానోర్ మొహం సున్నం కొట్టినట్టయింది. ఇంకో అడుగు, ఇంకో చర్ర్. దగ్గరివాళ్ళు ఆగి చూశారు. ఎవడో కిసుక్కుమన్నాడు. అనిసేతో కుర్చీ అంచుకి జరిగాడు.

అప్పుడు ఒబ్దూలియా ఒక పని చేసింది. నికానోర్ కాలు అంటుకుపోయిన చోటే తన కాలు కూడా కావాలని నేలకేసి ఈడ్చింది. ఒక అడుగు వేసి, ఒకటి ఈడ్చి, ఒకటి ఆనించింది. చా, చా, చా. మళ్ళీ అదే. నికానోర్ ఆమె భుజం పట్టుకుని, గుడ్డివాడు దారి పట్టుకున్నట్టు, ఆమె అడుగుని అందుకున్నాడు. నాలుగు కాళ్ళు కలిసి ఈడ్చేసరికి అది తప్పులా లేదు, కావాలని చేసినట్టుంది. గీతలు చెక్కిన ఎండు సొరబుర్రని పుల్లతో గీకే వాద్యగాడు అది విని, పళ్ళికిలించి, దానికి సరిగ్గా మూడు గీకులు గీకాడు. పక్క జంట అనుకరించింది. ఆ పక్క జంటా అందుకుంది. పాట అయ్యేసరికి హాలంతా ఈడుస్తోంది. జనం నికానోర్‌ని భుజాల మీదికి ఎత్తారు. వాడికి అప్పటికి ధైర్యం వచ్చేసింది. "ఎన్నాళ్ళ నుంచో సాధన చేస్తున్నా!" అన్నాడు సిగ్గులేకుండా.

సోమవారం పొద్దున్నే కొట్టు ముందు జనం బారులు తీరారు.

"అనిసేతో అన్నా, నా సోలు కూడా గరుగ్గా రాయవా? నికానోర్‌కి రాసినట్టు."

"చప్పుడు రావాలన్నా. నికానోర్ అడుగు వెయ్యాలంటే చప్పుడు రావాలట!"

తాతా తండ్రీ అరవై ఏళ్ళు కష్టపడి నున్నగా చేసిన సోళ్ళని అనిసేతో నెలరోజుల పాటు తన చేత్తోనే గరుకు చేశాడు. పడేద్దామనుకున్నవాణ్ణి పల్లకీ ఎక్కించాడు. నిజం చెబుదామంటే, కడుపుమంటతో ఒకడి బూటు పాడుచేశానని చెప్పాలి. పనివాడు ఆ మాట ఒప్పుకుంటే ఇక వాడి చేతికి బూటు ఎవడిస్తాడు? అంతకంటే పెద్ద భయం, ఒబ్దూలియాకి తెలుస్తుంది. ఆమె వాణ్ణి కాపాడింది. కాపాడాలని ఆమెకి ఎందుకనిపించింది? ఎంత ప్రేమ లేకపోతే అంతమందిలో తనూ నవ్వులపాలవడానికి సిద్ధపడుతుంది? అనిసేతోకి ఇప్పుడు విసనకర్రల లెక్క కూడా అక్కర్లేదు. ఒబ్దూలియా తన చెయ్యి దాటిపోయిందని తేల్చేసుకున్నాడు. ఇవాళో రేపో పెట్టె సర్దుకుని నికానోర్ ముగ్గురు అక్కలున్న ఇంటికి వెళ్ళిపోతుందని రోజూ ఎదురుచూశాడు.

దారానికి గుగ్గిలం మైనం పట్టించడం ఒబ్దూలియా పని. జూన్‌లో ఒక మధ్యాహ్నం కొట్లో ఎవరూ లేనప్పుడు ఆమె డబ్బా తీసుకొచ్చి అతని ముందు పెట్టింది.

"ఇది పండగ దాకా రావాలి. మే నెలలోనే సగమైంది. ఏం చేశావు?"

అతను గబుక్కున మేకులు నోట్లో పెట్టుకోబోయాడు. ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆ నాటకం జనం దగ్గర. ఆ రోజు నికానోర్ కాలి కింద నుంచి గుగ్గిలం వాసనొచ్చింది. ఇన్నేళ్ళుగా నా వేళ్ళకున్న వాసన నాకు తెలీదా? ఎందుకు చేశావు?"

"ఎందుకా?" అనిసేతోకి ఇక ఆగలేదు. "నాలుగేళ్ళుగా వాడు నీ చెవిలో ఏం చెబుతున్నాడో చెప్పు ముందు! నువ్వు విసనకర్ర చాటున ఏం నవ్వుతున్నావో చెప్పు! నేను కుంటివాణ్ణే గానీ గుడ్డివాణ్ణి కాదు!"

ఒబ్దూలియా డబ్బా మూత ఠపీమని పెట్టింది.

"కాలి మీది ఆనెకాయల గురించి చెబుతాడయ్యా. కుడికాలి చిటికెనవేలు మీద ఒకటి, మడమ మీద రెండు. ఏ మందు రాశాడో, చిన్నక్క ఏమందో, పెద్దక్క ఏమందో! నాలుగేళ్ళుగా అవే మూడు ఆనెకాయలు! నేను నవ్వుతున్నానా? ఆవలిస్తున్నా! నోరు మూసుకోకుండా ఆవలిస్తే బావుండదని అడ్డం పెట్టుకుంటున్నా!"

"మరి అలాంటివాడితోనే ఎందుకు ఆడతావు?"

"వాడికి నా మీద కన్ను లేదు కాబట్టి. నువ్వేమో పెద్దమనసుతో ఎవరితోనైనా ఆడుకో అన్నావు. ఆ ఎవరైనా ఏం చేస్తారో నీకేం తెలుసు? ఒకడు చెయ్యి కిందికి జారుస్తాడు, ఒకడు చీకట్లోకి రమ్మంటాడు. వీడికి ఆనెకాయలు తప్ప లోకం లేదు. నీ పరువు కోసం ఏరుకున్నా వీణ్ణి!"

అనిసేతోకి ఊపిరి తేలిగ్గా ఆడింది. ఒక్క క్షణమే. మళ్ళీ లోపల ఏదో కుట్టింది, అది అతని జబ్బు.

"అయితే ఆ రోజు వాడి కోసం ఆ అడుగు ఎందుకేశావు? ఎప్పుడు నేర్చుకున్నారు ఇద్దరూ? ఎక్కడ?"

ఒబ్దూలియా స్టూలు మీద కూర్చుని కళ్ళు మూసుకుంది.

"లేచి ఆ గుమ్మం దాకా నడువు."

"ఎందుకు?"

"నడవమన్నానా!"

నడిచాడు. కుడికాలు వేశాడు, ఎడమకాలు ఈడ్చాడు, కర్ర ఆనించాడు. గుమ్మం దాకా వెళ్ళేలోపు నాలుగుసార్లు. ఒబ్దూలియా కళ్ళు తెరవకుండానే తోలు ముక్క మీద వేళ్ళతో కొడుతోంది, మూడేసి దెబ్బలు, అతని అడుగుకి సరిగ్గా. గుమ్మం దగ్గర అతను ఆగిపోయాడు.

"పధ్నాలుగేళ్ళుగా పొద్దున్నే నువ్వు కాఫీకి నడవాలోంచి వస్తుంటే వింటున్నా" అంది ఒబ్దూలియా. గొంతులో కోపమే ఉంది. "కాఫీ వడకడుతూ ఒక్కదాన్నే దానికి కాలు కదుపుతుంటా. నిన్ను వెక్కిరిస్తున్నాననుకుంటావని ఎన్నడూ చెప్పలేదు. ఆ రోజు వాడి కాలు అంటుకుపోయాక నాకు ఇంకేం తోచలేదు, కాళ్ళకి అలవాటైందే వచ్చింది. అది మనింట్లోది, అనిసేతో. వీధిలో పెట్టాల్సింది కాదు. దాన్ని తీసుకెళ్ళి వాడి చేతుల్లో పెట్టిందెవరు? నేనా, నువ్వా?"

అనిసేతో గుమ్మం పట్టుకుని ఏడ్చాడు. ఆమె వెంటనే లేచి రాలేదు, దారం పట్టించడం అయిపోయాకే వచ్చింది.

ఆ ఆదివారం ఫరోల్ సంఘం హాల్లో వాద్యగాళ్ళ పెద్ద ముందుకొచ్చి, అలవాటు ప్రకారం గట్టిగా పిలిచాడు. "ఓ కుటుంబమా! ఈ దన్సోన్ మన నికానోర్‌కీ, ఆయన వెంట వచ్చిన మిత్రులకీ అంకితం!" నికానోర్ లేచి నాలుగు వైపులకీ వంగి దండం పెట్టాడు, చెయ్యి చాచి ఒబ్దూలియా కోసం చూశాడు. ఒబ్దూలియా అతన్ని దాటుకుని గోడవార కుర్చీ దగ్గరికొచ్చింది.

"లే."

"నాకు ఆడటం రాదుగా."

"నిలబడటం వచ్చుగా? ఇది నిలబడే భాగమే."

హాలు మధ్యకి తీసుకొచ్చి, పక్కన నిలబెట్టుకుని, విసనకర్ర విప్పింది. నాలుగేళ్ళుగా ఆ చోట ఏమేం మాట్లాడుకుంటారోనని ఊహించుకుని చచ్చిన మనిషికి, తీరా తను నిలబడ్డాక ఒక్క మాటా దొరకలేదు.

"నీ కుడి హీలు ఒకవైపు అరిగింది" అన్నాడు చివరికి.

"ఆనెకాయలకంటే నయం" అంది ఆమె.

ఆఖరి భాగం మొదలైంది. చుట్టూ రెండొందల కాళ్ళు అడుగు వేస్తున్నాయి, ఈడుస్తున్నాయి, ఆనిస్తున్నాయి. అతను కుట్టిన సోళ్ళ మీద, అతని నడక నడుస్తున్నాయి. పేరు మాత్రం వాడిది. ఇంత ఈర్ష్య అతనికి ఒబ్దూలియా విషయంలో కూడా ఎన్నడూ కలగలేదు. ఒబ్దూలియా మోచెయ్యి పట్టుకుంది. "పద, కుర్చీ దాకా నడుద్దాం" అంది. నడిచారు. కుడికాలు, ఎడమకాలు, కర్ర. జంటలు దారిచ్చి చూశాయి. దగ్గర్లో ఆడుతున్నవాడొకడు అతని భుజం చరిచి పెద్దగా నవ్వాడు.

"ఏవోయ్ అనిసేతో! ఆఖరికి నువ్వు కూడా నికానోర్ అడుగు నేర్చేసుకున్నావే!"

అనిసేతో గిర్రున తిరిగాడు. నోరు తెరిచాడు. ఒబ్దూలియా విసనకర్ర మూసి, మెల్లగా అతని పెదాల మీద పెట్టింది.